అసలు ముందు, రాబడి తర్వాత



మన తెలుగు రాష్ట్రాల్లో ఖజానా ఆర్థిక శాఖ కింద నడిచే యంత్రాంగం. దానికి ఎన్నికలుండవు. కాలిఫోర్నియాలో మాత్రం రాష్ట్ర కోశాధికారిని నాలుగేళ్లకోసారి ప్రజలే ఎన్నుకుంటారు. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లూ ఆ ఓటు వేస్తున్నారు కనుక ఈ విషయం ఎంచుకున్నాను. ఆ కోశాధికారి పన్ను వెయ్యలేరు, బడ్జెట్ రాయలేరు. చేతిలో ఉండేది ఖర్చయ్యేలోపు నిలవున్న ప్రజల సొమ్ము, రాష్ట్రం అమ్మే బాండ్లు, పింఛను నిధుల బోర్డుల్లో ఓటు. మరి అలాంటి అభ్యర్థిని ఏమడగాలి?

రాష్ట్ర పదవికి కాకపోయినా, 1994 జూన్‌లో అదే కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీ ఓటర్లకు అలా అడిగే అవకాశం వచ్చింది. కౌంటీ కోశాధికారి రాబర్ట్ సిట్రన్ రెండు దశాబ్దాలకు పైగా ఆ పదవిలో ఉన్నారు. నగరాలు, బడులు, నీటి సంస్థలు దాచుకున్న సుమారు 750 కోట్ల డాలర్లు ఆయన చేతిలో ఉండేవి. ఉన్న బాండ్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చి, ఆ అప్పుతో మళ్లీ బాండ్లు కొని, పెట్టుబడిని 2,000 కోట్లు దాటించారు. వడ్డీ రేట్లు తగ్గినంత కాలం మంచి రాబడి వచ్చింది. ఆ రుచి మరిగి కొన్ని బడుల బోర్డులు అప్పుచేసి మరీ అందులో డబ్బు పెట్టాయి. పోటీలో ఉన్న జాన్ మూర్లాక్ అనే అకౌంటెంట్ రేట్లు పెరిగితే మునుగుతామని ప్రచారంలో హెచ్చరించారు. గెలిచింది సిట్రనే. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ఫిబ్రవరిలో 3 శాతంగా ఉన్న రేటును నవంబరుకల్లా 5.5కి చేర్చింది. డిసెంబర్ 6న కౌంటీ దివాలా పిటిషన్ వేసింది. పోయిన సొమ్ము 160 కోట్ల డాలర్లకు పైమాటే.

ఇంత రాబడి ఎక్కడినుంచి వస్తోందని అడిగిన మనిషి ఓడిపోయాడు. మరుసటేడు అదే పదవిలో ఆ మూర్లాక్‌నే నియమించుకున్నారు.

స్థానిక సంస్థల పెట్టుబడులకు ఆ రాష్ట్ర చట్టం ఒక వరస పెట్టింది: మొదట అసలుకు భద్రత, తర్వాత అవసరానికి డబ్బు చేతికందడం, చివర్న రాబడి. రాష్ట్ర పదవికి పోటీచేసేవారినీ నేను ఈ వరసతోనే కొలుస్తాను. పర్యావరణం కోసమైనా, స్థానిక వ్యాపారం కోసమైనా ఖజానా సొమ్మును సాహసాలకు పెడతానంటే ఒప్పుకోను. లక్ష్యం మంచిదైతే శాసనసభ బడ్జెట్‌లో బాహాటంగా కేటాయించాలి.

అప్పుల సంగతి కూడా అడగాలి. శాన్ డియాగో దగ్గరి పోవే పాఠశాల జిల్లా 2011లో సుమారు 10.5 కోట్ల డాలర్లు అప్పు తీసుకుంది. ఇరవయ్యేళ్ల దాకా పైసా కట్టనక్కర్లేదు. చివరికి కట్టవలసింది మాత్రం దాదాపు 98 కోట్లు. ఆ భారం ఇవాళ బడికెళ్లే పిల్లలు పెద్దవాళ్లయ్యాక వాళ్ల నెత్తిన పడుతుంది. అప్పటి రాష్ట్ర కోశాధికారి బిల్ లాకియర్ ఇలాంటి అప్పులను గట్టిగా ఖండించారు. 2013లో చట్టం వచ్చింది: తిరిగి కట్టే మొత్తం అసలుకు నాలుగు రెట్లు మించకూడదు. నాకైతే ఆ నాలుగు రెట్లూ ఎక్కువే. దాన్ని ఇంకా తగ్గించమని శాసనసభను అడిగే అభ్యర్థి ఎవరో తెలుసుకుని ఓటు వెయ్యమని అక్కడి మన పిల్లలకు చెబుతాను.