చక్రవర్తి పటము – ముగ్గురు నవలాకారులు

(సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సామ్రాజ్యముల పతనమును గూర్చి చరిత్రకారులు వ్రాసిన గ్రంథములకు లోటు లేదు. ఏ యుద్ధమున ఓడిరి, ఏ సంధివలన ఏ మండలము పోయినది, బొక్కసము ఎపుడు వట్టిపోయినది, ఇవన్నియు వానిలో దొరకును. ఆ పతనము ఒక ఇంటిలో, తండ్రికొడుకుల మాటలలో ఎట్లు వినవచ్చినదో చెప్పువాడు మాత్రము నవలాకారుడే. మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి తక్కెడ పట్టినవారము. జర్మను, చెక్ భాషలు మాకు రావు. ఇంగ్లీషు అనువాదములలో చదివినంత మేరకు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యమును గూర్చిన మూడు నవలలను మీకు పరిచయము చేయదలచినాము.

ఆ సామ్రాజ్యమునే ఎన్నుకొనుటకు కారణము కలదు. జర్మను, హంగేరియను, చెక్, పోలిష్, ఉక్రేనియను, రుమేనియను, స్లొవీను, ఇటాలియను మున్నగు భాషలవారు, సుమారు 5 కోట్ల జనము, ఒక్క చక్రవర్తి నీడన ఉండిరి. సైన్యములో ఆజ్ఞలిచ్చుటకు 80 వరకు జర్మను మాటలుండెను. సిపాయిలతో తక్కిన మాటలు వారి భాషలోనే. దానిని అధికారియే నేర్చుకొనవలెను. బేరమునకు వచ్చినవాని భాషను దుకాణదారు నేర్చుట వంటిదే ఇది. ఫ్రాంజ్ యోసెఫ్ చక్రవర్తి 1848 మొదలు 1916 వరకు, 68 ఏండ్లు, పాలించెను. ఆయన పోయిన రెండేండ్లకే, 1918లో, సామ్రాజ్యము ముక్కలైనది.

దానిని చూచి నవ్వినవాడు యారొస్లావ్ హాషెక్. చెక్ జాతివాడు. 1921లో ప్రారంభించిన ఆయన ‘ష్వెయ్క్’ నవలలో సారాయెవో హత్య జరిగిన వెంటనే ప్రాగ్ నగరపు సారాదుకాణమునకు మారువేషపు పోలీసువాడు వచ్చి, గోడమీది చక్రవర్తి పటమేమైనదని అడుగును. ఈగలు దానిని పాడుచేయుచున్నవి, అటుకమీద పెట్టితినని యజమాని చెప్పును. అంత మాత్రమునకే ఆతనిని పట్టుకొనిపోవుదురు! 1923లో హాషెక్ మరణించుటచే నవల అసంపూర్ణముగ మిగిలినది. కాని ఆయన నవ్వుటకు ఒక ఆధారముండెను. 1918 నాటికే చెక్కులకు తమ రాజ్యము తమకు ఏర్పడినది.

రెండవవాడు రాబర్ట్ మూసిల్. ఈయన నవ్వలేదు, ఏడ్వలేదు; వైద్యునివలె పరీక్షించెను. ‘గుణములు లేని మనిషి’ అను ఆయన నవల మొదటి సంపుటము 1930లో వెలువడినది. అందు 1913లో వియన్నా పెద్దలు ఒక సంఘముగా కూడి, 1918లో రానున్న చక్రవర్తి 70వ సింహాసనారోహణ వార్షికోత్సవమునకు సన్నాహములు చేయుదురు. సమావేశములు సాగును, ఉపసంఘములు పుట్టును. ఏమి చేయవలెనో మాత్రము తేలదు. (మన కార్యవర్గమువారు ఈ నవలను చదువకుండుటే మేలు!) 1918లో ఆ చక్రవర్తియు ఉండడు, ఆ రాజ్యమును ఉండదని పాఠకునికి తెలియును, వారికి తెలియదు. మహాగ్రంథమే గాని, మా వంటివారికి తల బరువెక్కును.

మా మనసును పట్టినవాడు మూడవవాడు, యోసెఫ్ రోత్. 1894లో బ్రోడీ అను పట్టణమున యూదు కుటుంబమున జన్మించెను. రష్యా సరిహద్దునగల ఆ ఊరు దాదాపు నూరేండ్లు సుంకములులేని వర్తక కేంద్రముగ నుండెను. ఆయన పుట్టినపుడు అది ఆస్ట్రియాలోనిది. యుద్ధానంతరము పోలండులో చేరినది. నేడు ఉక్రెయినులో ఉన్నది. ఊరు కదలలేదు, ఎల్లలే కదలినవి. గంజాము 1936లోను, బళ్ళారి 1953లోను మరియొక రాష్ట్రమున చేరుటను ఎరిగిన మనవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. అయినను మనకు దేశము మారలేదు. రోత్‌కు దేశమే మిగులలేదు.

ఆయన ‘రాడెట్స్కీ మార్చ్’ 1932లో వెలువడినది. 1859 సోల్ఫెరీనో యుద్ధమున ట్రోటా అను యువ సేనాని చక్రవర్తిని క్రిందికి లాగి, ఆయనకు తగులవలసిన గుండును తన భుజమున ధరించును. ఆతడు స్లొవీను పల్లెవారి బిడ్డ. బిరుదు వచ్చును, హోదా పెరుగును. పిదప తండ్రిని చూడబోవును. ఐదేండ్ల క్రితము వరకు ఆ ముసలివాడు కొడుకుతో ఇంటి భాషలోనే మాటాడెడివాడు. కొడుకునకు కొన్ని మాటలే తెలియును, తానై ఒక్కటియు పలికెడివాడు కాడు. ఇపుడింత పెద్దవాడైన కొడుకుతో ఇంటి భాష పలుకుట చనువు తీసికొనుట యగునేమోయని తండ్రి జంకి, సైన్యములో నేర్చిన మోటు జర్మనులో మాటాడును. కొడుకు మాత్రము ఒక్క స్లొవీను మాట వచ్చునేమోయని తండ్రి పెదవులనే చూచుచుండును. ఆ మాట రాదు. కాన్వెంటు చదువుల మనుమల ఎదుట తెలుగు పలుక జంకు తాతలు మన వీధులలోను కలరు. ఇట్టి వారినే మేము చూచినాము గాని, ఆ మనుమలు ఏ మాటకై ఎదురుచూచుచున్నారో ఈ పుటలు చదువువరకు ఆలోచింపలేదు.

మనుమడు కార్ల్ యోసెఫ్ ఒకనాడు వేశ్యాగృహమున ఈగలు ముసరిన చక్రవర్తి పటమును చూచి, సహింపలేక, చట్రమునుండి తీసి దాచుకొని వచ్చును. హాషెక్ నవ్విన పటమే, ఆ ఈగలే! పటము తమదనుకొన్నవాడు ఒకడు, కాదనుకొన్నవాడు ఒకడు.

ఆ మనుమడు తాత పుట్టిన సీమలో కొలువు కోరును, దొరకదు. ఉక్రేనియను రైతుల నడుమ సరిహద్దున చేరి, 1914లో దాహమునకు అలమటించు సిపాయిలకై రెండు బకెట్లతో నీరు తెచ్చుచు గుండు తగిలి కూలును. వారు తమ భాషలో దైవనామముతో వందనము పలుకుదురు. దానికి చెప్పవలసిన బదులు ఒక్కటే ఆ భాషలో ఆతనికి వచ్చును. చెప్పబోవును, పెదవులు కదలవు. తాత భాష రాలేదు, పొరుగువాని భాష నాలుగు మాటలే వచ్చినది. తండ్రి, జిల్లా అధికారి, 1916లో చక్రవర్తిని సమాధి చేసిన నాడే కన్నుమూయును.

రోత్ దుఃఖమును మేము పూర్తిగ ఒప్పుకొనము. సమ్మె చేసిన కర్మాగారపు కూలీలపై ఆ సైన్యమే కాల్పులు జరిపిన ఘట్టమును ఆయనే వ్రాసెను. అట్టి ఏలుబడి పోయినదని కూలివాడు ఏల ఏడ్చును? కాని ఆయన వ్రాసిన కాలమును గమనింపవలెను. 1933 జనవరి 30న హిట్లరు అధికారమునకు వచ్చిన నాడే రోత్ జర్మనీ విడిచిపోయెను. అదే సంవత్సరము ఆయన గ్రంథములను అచ్చట తగులబెట్టిరి. 1939లో, 44 ఏండ్ల వయస్సున, పారిసులో మరణించెను. రాబోవుదానిని ముందుగ చూచినవానికి పోయినది మేలుగ కనబడుటలో వింత లేదు.

ఈ మూడు పుస్తకముల ఇంగ్లీషు ప్రతులను మన గ్రంథాలయమునకు ఇచ్చుచున్నాము. రోత్‌ను ముందు తీసికొనుడు, మూసిల్‌ను సెలవులకు ఉంచుకొనుడు. తాతలున్న ఇండ్లలో ఆ తండ్రికొడుకుల ఘట్టమును తెలుగున చెప్పి వినిపింపుడు. వారేమనిరో రాబోవు సమావేశమున తెలుపగోరుచున్నాము. సెలవు.