పిడికెడు బియ్యం, పక్క విస్తరి



ఒక బైబిలు స్త్రీ జ్ఞాపకార్థం ఆమె పిల్లలు నెలకొల్పిన ఉపన్యాసమిది. క్రైస్తవ శీలం గురించి మాట్లాడమన్నారు. ఆత్మ ఫలంలోని తొమ్మిది లక్షణాలను వరసగా వివరించే ప్రసంగాలు మీరు చాలా విని ఉంటారు. నేను ఆ దారిన వెళ్ళను. పౌలు గలతీయులకు రాసిన ఆ గుణాలు ఒక కూలి ఇంట్లో అలవాటుగా ఎలా దిగాయో చూద్దాం. దానికి దోర్నకల్ సంఘం కంటే దగ్గరి ఉదాహరణ నాకు కనబడలేదు.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో, నాడారు కుటుంబంలో పుట్టారు. 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నారు. మరుసటి ఏడు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, తెల్ల మిషనరీలు మాకోసం ఎన్ని త్యాగాలు చేసినా మమ్మల్ని స్నేహితులుగా చూడటం లేదని వాళ్ళ ముఖం మీదే చెప్పారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే.

దోర్నకల్‌లో ఆయన సంఘస్థుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. మురికి, రోగం, అప్పు, తాగుడు ఈ నాలుగూ పల్లెను పట్టిన దయ్యాలని ఆయన బోధించేవారు. ఉతికిన బట్ట కట్టుకుంటే భక్తి అయిపోతుందా అని మీరు అడగవచ్చు. ఊళ్ళో మర్యాదస్తుల మెప్పు కోసమైతే కాదు. కానీ అప్పు తీరితే దొర ముందు అబద్ధమాడే అవసరం తీరుతుంది. అది శీలానికి సంబంధించిన సంగతే.

నన్ను అన్నిటికన్నా పట్టుకున్నది పిడికెడు బియ్యం. వంట మొదలుపెట్టేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. పోగైన బియ్యం గుడికి కానుకగా వచ్చేది. చేతిలో డబ్బు ఆడని ఇళ్ళు మరి. కోత పండుగకు ధాన్యం, కోళ్ళు, కూరగాయలు తెచ్చేవారు. సంఘం తన ఖర్చు తాను మోయడానికి ఇవన్నీ అక్కరకొచ్చాయి. ఆ లెక్క అలా ఉంచండి. కడుపు నిండా తిండిలేని ఇంట్లో, ఎవరూ చూడని వంటింట్లో, పూట పూటా ఆ చేయి బియ్యం కుండ నుంచి వెనక్కి వస్తోంది. ఆశానిగ్రహం గురించి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నేను చదవలేదు. పైగా దొర గడప దగ్గర చేయి చాపడమే తెలిసిన ఇల్లు, ఇచ్చే ఇల్లయింది. క్రైస్తవ దానం మీద అజరయ్య ఒక పుస్తకమే రాశారు. పేదవాడు కూడా ఇవ్వాల్సిందే, లేకపోతే సంఘం ఎప్పటికీ పరాయివాళ్ళ మోచేతి నీళ్ళు తాగుతుందన్నది ఆయన పట్టుదల.

కృపవల్లే రక్షణ అని చెప్పే మనం అలవాట్లకు ఇంత చోటివ్వవచ్చా? పేతురు రెండో పత్రిక మొదటి అధ్యాయం తీయండి. విశ్వాసం అప్పటికే చేతిలో ఉన్నవాళ్ళకే, దానికి సద్గుణాన్ని, ఆశానిగ్రహాన్ని, సహనాన్ని శ్రద్ధపెట్టి జోడించుకోమని అక్కడ చెప్పాడు. ఉజ్జీవ సభలో కన్నీళ్ళు నిజమే కావచ్చు. సభ అయ్యాక సోమవారం ఏం చేయాలో మాత్రం మనం చెప్పడం లేదు.

దోర్నకల్లో బాప్తిస్మం పొందినవారు తమ చేయి తమ తలమీదే పెట్టుకుని, సువార్త చెప్పే భారం నాదేనని పౌలు మాటల్లో ఒప్పుకునేవారు. చదువురాని కూలి చెప్పగల సువార్త చాలావరకు అతని నడతే. మాల మాదిగల్లో వచ్చిన మార్పు చూసి ఇతర కులాలవారు కొందరు సంఘంలో చేరారని ఆనాటి మిషన్ రాతలు చెబుతాయి.  

అయితే సంఘం లోపలే తేలనిది ఒకటుంది. తాగుడు మానినవారు, పిడికెడు బియ్యం తప్పనివారు, ఒకే పాత్రలో ప్రభు సంస్కారం తీసుకున్నవారు కూడా మాల మాదిగ తేడాను వదులుకోలేకపోయారు. అజరయ్య తన జీవితకాలంలోనే ఈ పొరపొచ్చాలతో వేగారు. 1945 జనవరి 1న ఆయన కన్నుమూసేనాటికీ అవి తీరలేదు. 1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ దేవాలయంలో హిందూ, ముస్లిం శిల్పరీతులు ఒకే కప్పు కింద ఒదిగాయి. మనుషులు అంత సులువుగా ఒదగలేదు.

కారణం నాకు తోచింది చెబుతాను. ఇవ్వడానికి రోజూ అభ్యాసం ఉంది. పక్క విస్తరి దగ్గర కూర్చోవడానికి పండుగ భోజనం తప్ప అభ్యాసం లేదు. ఈనాటికీ క్రైస్తవ పెళ్ళి సంబంధాల ప్రకటనల్లో సంఘం పేరు పక్కనే కులం పేరు చూస్తున్నాం.

కన్ఫర్మేషన్ తరగతిలో పిల్లలచేత పది ఆజ్ఞలు కంఠతా పట్టిస్తున్నాం, మంచిదే. ఆ తరగతిలో చేరిన ప్రతి పిల్లా, పిల్లవాడూ నెలకొకసారి వేరే కులపు సంఘస్థుల ఇంట్లో భోంచేయాలని, వాళ్ళను తన ఇంటికి పిలవాలని ఒక నియమం పెట్టమని పాస్టరేట్ కమిటీలను కోరుతున్నాను. కొందరు పెద్దలు అభ్యంతరం చెబుతారు. చెప్పనివ్వండి. ఎవరు చెప్పారో గుర్తుపెట్టుకుంటే, వచ్చే ఉపవాస ప్రార్థనకు ఎవరి ఇంటికి వెళ్ళాలో కాపరిగారికి తెలుస్తుంది.