నెలసరి గురించి కొన్ని మాటలు
(సంఘం వార్షిక సమావేశం సందర్భంగా స్త్రీల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు నన్ను పిలిచారు. చాలా ఏళ్ళు ప్రసూతి వార్డులో నర్సుగా పని చేసిన దాన్ని కాబట్టి బాలింతల గురించో, పసిపిల్లల గురించో చెబుతాననుకుని ఉంటారు. నెలసరి గురించి మాట్లాడతానంటే ఒకరిద్దరు ముఖముఖాలు చూసుకున్నారు. పన్నెండు పదమూడేళ్ళకు మొదలై యాభై దాకా నెలనెలా వచ్చే దాన్ని గురించి ఆడవాళ్ళ సభలో కూడా మాట్లాడకపోతే ఇంకెక్కడ మాట్లాడతామమ్మా? సావనీరులో వేస్తే మగవాళ్ళు కూడా చదువుతారు గదా అని ఒకామె అన్నది. చదవాలనే నా కోరిక.

మన ఇళ్ళలో దీన్ని పేరు పెట్టి అనం. "ఈ రోజు నమాజు లేదు" అంటాం, అంతే, వినేవాళ్ళకు అర్థమైపోతుంది. మాట చాటుగా ఉంటే ఉండనీయండి, నాకు అభ్యంతరం లేదు. అయితే మాటతో పాటు గుడ్డ కూడా చాటుకు పోతున్నది. అక్కడే వచ్చింది చిక్కు.

గుడ్డ వాడటం తప్పు కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 24 ఏళ్ళ వాళ్ళను అడిగితే నూటికి 64 మంది ప్యాడ్లు వాడుతున్నామన్నారు, 50 మంది గుడ్డ వాడుతున్నామన్నారు. అంటే రెండూ వాడేవాళ్ళు చాలామందే ఉన్నారన్న మాట. మెత్తబడిన పాత నూలు చీర ముక్క దేనికీ తీసిపోదు. దాన్ని ఎక్కడ ఆరేస్తున్నామన్నదే ప్రశ్న. బాత్‌రూం తలుపు వెనక, మంచం కింద, తడి తువ్వాలు మడతలో! రెండు రోజులైనా ఆరదు, మళ్ళీ ఆ చెమ్మ గుడ్డే. దురదలు, ఒరుపులు, వాసన, తెల్లబట్ట అంటూ ఆస్పత్రికి వచ్చిన వాళ్ళను గుడ్డ ఎక్కడ ఆరేస్తావని అడిగితే తల వంచుకునేవాళ్ళు. ముందు చన్నీళ్ళలో జాడించండి, తర్వాత సబ్బు పెట్టి ఉతకండి, ఎండలో వేయండి. దండెం మీద నలుగురూ చూస్తారని సిగ్గయితే పైన పల్చటి దుపట్టా ఒకటి కప్పండి. ఎండా గాలీ తగులుతాయి, మీ మర్యాదా నిలుస్తుంది.

ప్యాడైనా గుడ్డైనా నాలుగు నుంచి ఆరు గంటలకు ఒకసారి మార్చాలి. ఖరీదని పొద్దుటి ప్యాడు రాత్రి దాకా ఉంచుకుంటారు. జన ఔషధి దుకాణాల్లో సువిధ అనే ప్యాడు 2019 నుంచి ఒక్కొక్కటి రూపాయికి ఇస్తున్నారు. అంతకు ముందు ఏడాది, 2018 జులైలో, ప్యాడ్ల మీద ఉన్న 12 శాతం జీఎస్టీ కూడా తీసేశారు. పన్ను పోయింది గానీ దుకాణంలో నల్ల కవరు మాత్రం పోలేదు! వాడిన దాన్ని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయండి. పాయిఖానాలో వేస్తే పైపు పూడిపోతుంది, ఆ పైపులో చెయ్యి పెట్టి తీసేది మనలాంటి ఒక మనిషే.

ఇక రంజాను సంగతి. ఇది మన ఇళ్ళకే ప్రత్యేకం కాబట్టి కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఓపిక పట్టండి.

నెలసరి రోజుల్లో స్త్రీ ఉపవాసం ఉండకూడదు. ఆ రోజులను తర్వాత ఖజా తీర్చుకోవాలి. నమాజులకైతే ఆ ఖజా కూడా లేదు. ఇది మీకు నేను చెప్పేదేమిటి, చిన్నపిల్లకైనా తెలుసు. మరి మన ఆడపిల్లలు ఏం చేస్తున్నారు? అబ్బాకీ అన్నలకీ తెలిసిపోతుందని సెహ్రీకి లేచి అందరితో పాటు కూర్చుంటారు. పగలంతా ఒక్క గుక్క నీళ్ళు తాగరు. వంటింట్లో తలుపు చాటున ఒక ఖర్జూరం నోట్లో వేసుకుంటే, ఎవరో వచ్చిన అలికిడికి దాన్ని గుటుక్కున మింగేస్తారు. 2018, 2019లలో రంజాను మే నెల ఎండల్లో వచ్చింది. అసలే రక్తం పోతున్న ఒళ్ళు, పైన ఆ ఎండ, కడుపులో నీళ్ళు లేవు. కళ్ళు తిరగడం, తలనొప్పి, మూత్రంలో మంట. అల్లా మినహాయింపు ఇచ్చిన రోజును మనం మొహమాటానికి ఉపవాసం చేసేస్తున్నాం, దానికి పుణ్యమూ లేదు, తర్వాత ఖజా ఎలాగూ తప్పదు. తల్లులు ఒక్క పని చేయండి. ఆ పిల్ల గదిలో ఒక చెంబెడు నీళ్ళు, ఒక పళ్ళెంలో అన్నం మూత పెట్టి ఉంచండి. నోటితో ఏమీ చెప్పనక్కర లేదు.

కొన్ని ఇళ్ళలో ఊరగాయ జాడీ ముట్టనివ్వరు, చాప వేరు, గ్లాసు వేరు. ఇవి ఎక్కడి నుంచి వచ్చాయో గానీ మన దీన్‌లోంచి మాత్రం రాలేదు. హజ్రత్ ఆయిషా ఆ రోజుల్లోనే ప్రవక్త గారి తల దువ్వేవారని హదీసుల్లో ఉన్నది. అత్తగార్లు దయచేసి గుర్తుంచుకోవాలి.

ఇంకొక సంగతి. హనఫీ ఫిఖ్ ప్రకారం పది రోజులు దాటిన రక్తం హైజ్ కాదు, ఇస్తిహాజా, అది ఒక రోగం లాంటిది. ఈ లెక్క మన ఆడవాళ్ళకు బాగా తెలుసు. పదకొండో రోజు స్నానం చేసి నమాజు మొదలుపెడతారు. చాలా మంచిది. కానీ రోగమని తెలిశాక డాక్టరు దగ్గరకు ఎందుకు పోరు? మామూలుగా నెలసరిలో పోయే రక్తం 30, 40 మిల్లీలీటర్లు. 80 దాటితే ఎక్కువ. ఇంట్లో కొలుచుకోలేం గదా, అందుకని ఇలా చూసుకోండి: గంట గంటకూ మార్చవలసి వచ్చినా, పెద్ద గడ్డలు పడినా, ఎనిమిది రోజులు దాటినా ఆలస్యం చేయకండి. ముట్లుడిగి ఏడాది గడిచాక మళ్ళీ ఒక్క చుక్క కనిపించినా వెంటనే చూపించుకోవాలి. అది గర్భసంచి క్యాన్సర్ కావచ్చు, కాకపోవచ్చు, తేల్చవలసింది డాక్టరు. "ఈ వయసులో ఎవరితో చెప్పుకోను" అని నెలలు గడిపి వచ్చిన ముసలమ్మలను చూశాను. ముందే వస్తే బాగుండేది.

పైన చెప్పిన సర్వేలోనే మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తం తక్కువగా ఉందని తేలింది. కలేజా తెస్తే మగవాళ్ళ పళ్ళెంలోకే పోతుంది, కూతురికీ రెండు ముక్కలు వేయండి. గోంగూర, మునగాకు చవకే. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు మాత్రను పిల్లలు పారేయకుండా చూడండి. భోజనం కాగానే చాయ్ తాగితే తిన్న ఇనుము ఒంటికి పట్టదు, కనీసం గంట ఆగండి. ఈ మాటకు మా ఇంట్లోనే ఎవరూ ఒప్పుకోవడం లేదనుకోండి!

ఆఖరుగా సంఘానికి ఒక విన్నపం. మన షాదీఖానాలో ఆడవాళ్ళ వైపు రెండు పాయిఖానాలు ఉన్నాయి. ఒకదానికి గడియ లేదు, రెండింటిలోనూ చెత్తబుట్ట లేదు. నికాహ్‌కు వచ్చిన ఆడపిల్ల పొద్దున్నుంచి సాయంత్రం దాకా అలాగే బిగబట్టుకుని కూర్చుంటుంది. ఒక గడియ, మూత ఉన్న రెండు బుట్టలు, లోపల కుళాయి, బుర్ఖా తగిలించుకోవడానికి గోడకు ఒక కొక్కెం, ఇంతే మనం అడిగేది. కమిటీలో అందరూ మగవాళ్ళే, ఎలా అడగాలని మీకు సంకోచం ఉండవచ్చు. దరఖాస్తు నేనే రాసి తెచ్చాను, ఈ బల్ల మీద పెడుతున్నాను. పోయేటప్పుడు ఒక్కొక్కరే వచ్చి సంతకం పెట్టండి, సంతకం రాని వాళ్ళు వేలిముద్ర వేయండి.