సాయం కష్టానికా, కాగితానికా?

(వీధి వ్యాపారులు, ఆటో కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనకు నెల జీతం లేదు, పీఎఫ్ లేదు, పింఛను లేదు. మన బండికి మనమే పెట్టుబడి, మన అప్పుకు మనమే మిత్తి. దీనికి ‘స్వయం ఉపాధి’ అని మంచి పేరే పెట్టిండ్రు. ఆ పేరు మీద సర్కారు ఇచ్చే సాయం ఎవరికి చేరుతున్నదో ఇయ్యాల లెక్క చూద్దాం.

2020 లాక్‌డౌన్ యాదికి తెచ్చుకోండి. దుకాణం షట్టర్ పడ్డది, తోపుడు బండీ ఆగింది. ఆ మే నెలలో కేంద్రం చిన్న, మధ్యతరహా వ్యాపారాలకు 3 లక్షల కోట్ల రూపాయల రుణ హామీ పథకం ప్రకటించింది. తాకట్టు అక్కర్లేదు, పూచీ మొత్తం సర్కారుదే. మంచిదే. కానీ ఎవరికి? ఫిబ్రవరి 29 నాటికి ఉన్న బాకీలో 20 శాతం కొత్త అప్పు ఇచ్చారు. కోటి బాకీ ఉన్నవారికి 20 లక్షలు. బ్యాంకు గడప తొక్కని మనకు? సున్నాలో 20 శాతం సున్నాయే.

మనకోసం జూన్‌లో స్వనిధి వచ్చింది. 10 వేల అప్పు, సక్రమంగా కడితే 7 శాతం వడ్డీ రాయితీ. అంటే రాయితీ ఏడాదికి 700 రూపాయలు దాటదు. 2025లో మొదటి విడతను 15 వేలకు పెంచారు. పొద్దున 900 తీసుకుని రాత్రికి వెయ్యి కట్టేవాళ్లకు ఆ అప్పు విలువ తెలుసు. మేం దాన్ని కాదనం. కానీ అది రావాలంటే గుర్తింపు కార్డో, మున్సిపాలిటీ సిఫారసు పత్రమో ఉండాలి. 2014 వీధి వ్యాపారుల చట్టం కనీసం ఐదేండ్లకోసారి సర్వే చేయాలన్నది, అది పూర్తయ్యేదాకా ఎవర్నీ లేపొద్దన్నది. సర్వేలో పేరెక్కని అక్కకు కార్డెక్కడిది, అప్పెక్కడిది?

ఇక పెద్దలను చూడండి. 2019 సెప్టెంబర్‌లో మినహాయింపులు వదులుకున్న కంపెనీలకు పన్ను 30 నుంచి 22 శాతానికి దించారు. ఖజానాకు ఏటా 1.45 లక్షల కోట్లు తగ్గుతాయని సర్కారే చెప్పింది. అది తిరిగి కట్టే పని లేదు. వాళ్లకు మాఫీ, మనకు వాయిదా!

ఆటోల సంగతికొద్దాం. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో మహిళలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. మేం దాన్ని వ్యతిరేకించం. ఆ బస్సెక్కేది మన అక్కచెల్లెండ్లే. కానీ ఆ భారం ఆటో గిరాకి మీదనే పడొద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వాహనమిత్ర కింద 10 వేలు, 2025 అక్టోబర్‌లో 15 వేలు డ్రైవర్లకు ఇచ్చారు. అదీ సొంత బండి ఉన్నోళ్లకే. రోజు కిరాయి కట్టి ఆటో నడిపేటాయనకు రాలేదు. ఇద్దరూ తోలేది అదే రోడ్డు మీద, మింగేది అదే పొగ. అందులో తక్కువ మిగిలేది కిరాయి ఆటో ఆయనకే.

మేం బిచ్చమడుగుతలేం. సాయానికి కొలత మార్చమంటున్నం. వీధి వ్యాపారుల సర్వే పూర్తిచేయాలి, అందరికీ కార్డులియ్యాలి. ఆటో సాయానికి బండి ఆర్సీ కాదు, నడిపేటాయన లైసెన్సు చూడాలి. సర్కారు నిర్ణయంతో గిరాకి పోతే అప్పు కాదు, పరిహారం ఇయ్యాలి.

కాగితం ఉన్నోనికే సాయమైతే అది ఉన్నోనికే సాయం. మన కష్టాన్ని లెక్కలకెక్కించేదాకా అడుగుతనే ఉందాం!