చెక్క మీద అక్షరం చూడండి



ఈ రోజు మన పెరటి దడి గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

మనలో చాలామందికి ఇంటి వెనక కొంచెం తావు ఉంది. అందులో తోటకూర, వంగ, బెండ వేస్తాం. గిన్నెలు కడిగిన నీళ్లు పోసి పెంచుతాం. ఆకు కోతకు వచ్చే వేళకు మేక వస్తుంది. ఒక్క పూటలో అంతా మేసి పోతుంది. తరువాత ఏమవుతుంది? మేక గలవాళ్లకూ మనకూ తగాదా. మేక బాగానే ఉంటుంది. మాటలు లేకుండా పోయేది ఇరుగు పొరుగుకే.

అందుకని కంప కొట్టి దడి వేస్తాం. ఏటేటా వేస్తాం. ముల్లు మన చేతుల్లో దిగుతుంది. పిల్లల కాళ్లలో దిగుతుంది.

మన కేంద్రంలో చదువు నేర్చిన ఒక అక్క నిరుడు వేరే దడి కట్టింది. పాత చెక్క ప్యాలెట్లతో కట్టింది. ప్యాలెట్టు అంటే ఏమిటి? కంపెనీలకు సరుకు వచ్చేటప్పుడు సరుకు కింద పెట్టే చెక్క చట్రం. పలకలు వరసగా కొట్టి ఉంటాయి. మన తిరుపతి జిల్లాలో సత్యవేడు దగ్గర శ్రీసిటీ ఉంది కదా. 2008లో మొదలైంది. అక్కడి కంపెనీలకు దేశదేశాల నుంచి సరుకు వస్తుంది. ఇట్లాంటి చోట్ల వాడి వదిలేసిన ప్యాలెట్లు పాత సామాన్ల అంగళ్లకు చేరతాయి.

ఆ అక్క తెచ్చినవాటిలో ఒకటి విరిగిపోయింది. దాన్ని నీళ్లు కాచే పొయ్యిలో పెట్టబోయింది. పెట్టబోతూ ఆగింది. చెక్క మీద ఏదో ముద్ర కనబడింది.

"టీచరమ్మా, ఈడ ఏందో రాసుండాది. తెలుగు కాదే ఇది" అని నన్ను పిలిచింది.

చూశాను. ఇంగ్లీషు అక్షరాలు. చదివాను గానీ అర్థం నాకూ తెలియలేదు. తెలిసినవాళ్లను అడిగాను. వాళ్లు చెప్పిన సంగతి ఇది.

ఒక దేశపు చెక్కలోని పురుగు ఇంకో దేశానికి పోతే అక్కడి చెట్లను పాడు చేస్తుంది. అందుకని 2002లో దేశాలు కలిసి ఒక నియమం చేసుకున్నాయి. సరుకుతో దేశం దాటే చెక్కలో పురుగును ముందే చంపాలి. ఎట్లా చంపారో చెక్క మీద ముద్ర వేయాలి. ఆ ముద్రలో ఒక పక్క గోధుమ కంకి బొమ్మ ఉంటుంది. రెండో పక్క అక్షరాలు ఉంటాయి.

హెచ్.టి. అని ఉంటే చెక్కను వేడి చేశారని అర్థం. చెక్క నడిమి దాకా 56 డిగ్రీల వేడి, అర గంట సేపు. మందు కలపలేదు. ఇది తోటకు పనికి వస్తుంది.

ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని అర్థం. ఇది తోటకు వద్దు. కోళ్లగూటికి వద్దు. పొయ్యిలో అసలే వద్దు.

అక్క పొయ్యిలో పెట్టబోయిన చెక్క మీద ఎం.బి. ఉంది.

ఇంగ్లీషు రాదని భయపడకండి. ఆకారం గుర్తు పెట్టుకోండి. హెచ్ అంటే నిచ్చెన ముక్క: రెండు నిలువు కర్రలు, నడుమ ఒక మెట్టు. టి అంటే గుంజ, దాని నెత్తిన అడ్డకర్ర. ఎం అంటే పక్క పక్కన రెండు కొండలు. బి అంటే నిలువు గీతకు రెండు పొట్టలు.

ముద్ర లేని ప్యాలెట్లూ ఉంటాయి. ముద్ర ఏదైనా సరే, లేకపోయినా సరే, చెక్కను వాసన చూడండి. మందు వాసన వచ్చినా, నూనె మరకలు ఉన్నా తీసుకోకండి.

ఇక దడి కట్టే పద్ధతి.

1. లెక్క వేసుకోండి. మామూలు ప్యాలెట్టు పొడవు సుమారు 4 అడుగులు. వెడల్పు 3 అడుగుల పైన. నిలబెడితే 4 అడుగుల ఎత్తు దడి. పెరడు 16 అడుగుల చదరం అనుకుందాం. ఒక పక్క ఇంటి గోడ ఉంది. మిగిలినవి మూడు పక్కలు. పక్కకు 5 చొప్పున 15 ప్యాలెట్లు కావాలి. అందులో ఒకటి తలుపు అవుతుంది.

2. బయటికి వచ్చిన మేకులు పీకి డబ్బాలో వేయండి. తుప్పు మేకు గుచ్చుకుంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోండి. టి.టి. సూది అవసరమేమో అడగండి.

3. రెండు ప్యాలెట్ల నడుమ రాతి కూసమో, గట్టి గుంజో నాటండి. గుంత అడుగున్నర లోతు ఉండాలి. కట్టుకంబితో గట్టిగా బిగించండి.

4. చెక్క మట్టికి తగలరాదు. తగిలితే చెదలు పడతాయి. కింద రాళ్లు పెట్టండి. పాత ఇంజను నూనె పూయకండి. అది మట్టిలోకి దిగుతుంది. మనం తినే కూర ఆ మట్టిలోదే.

5. లోపలి పక్క బీర, కాకర తీగలు పాకించండి.

ఒక్కరికి ట్రాక్టరు బాడుగ భారం. నలుగురు కలిసి తెచ్చుకుంటే తేలిక.

మేక ఇప్పుడూ వస్తుంది. దడి అవతల నిలబడి చూసి పోతుంది. అక్క తన బీరకాయల్లో నాలుగు ఆ మేక గలవాళ్లింటికి పంపిస్తుంది.

అక్కలారా! పురుగుమందు డబ్బా, మాత్రల అట్ట, చెక్క ముక్క, ఏదైనా సరే. దాని మీద తెలియని అక్షరం ఉంటే కేంద్రానికి తీసుకురండి. కలిసి చదువుదాం. నాకూ తెలియకపోతే కలిసి అడుగుదాం.

సెలవు.