పిచ్చికుక్క కాటు – నరాల దారి

పిచ్చికుక్క కరచిన గాయం మానిపోగానే ఇంటిల్లిపాదికి మనస్సు కుదుటపడుతుంది. నిజానికి భయపడవలసిన కాలం అదే. వ్యాధి బయటపడటానికి సాధారణంగా ఒకటి మొదలు మూడు నెలలు పట్టవచ్చును. అరుదుగా ఏడాది కూడా దాటుతుంది. అంతకాలమూ ఆ వైరస్ ఎక్కడ దాగి ఉంటుంది?

రేబీస్ వైరస్ తుపాకిగుండు ఆకారంలో ఉంటుంది. దాని నిర్మాణమంతా ఐదు రకాల మాంసకృత్తులతోనే. కుక్క చొంగతో పాటు కండలో పడిన ఈ వైరస్, కండరమూ నరమూ కలిసే చోట నరపు కొనను పట్టుకొని లోపలికి దూరుతుంది. నాడీకణంలో సరుకులను అటూ ఇటూ చేరవేయటానికి పట్టాలవంటి సన్నని తంతువులున్నవి. ఆ రవాణాలోనే టిక్కెట్టు లేని ప్రయాణీకునివలె ఎక్కి, వెన్నుపామునకు, అక్కడనుండి మెదడునకు చేరుకొంటుంది.

తట్టువంటి వ్యాధులలో వైరస్ రక్తంలోకి దిగుతుంది గనుక మన దేహరక్షకులు దానిని పసిగట్టగలరు. రేబీస్ రక్తంలోకి దాదాపుగా రాదు. అంతటితో ఊరుకొనదు. వైరస్ సోకిన కణం ఇంటర్ఫెరాన్ అనే పదార్థాన్ని వెలువరించి ఇరుగుపొరుగు కణాలను హెచ్చరిస్తుంది. రేబీస్ తన మాంసకృత్తులలో ఒకదానితో ఆ హెచ్చరికనే అణగద్రొక్కుతుంది. తనకు ఆశ్రయమిచ్చిన నాడీకణాన్ని తొందరపడి చంపదు కూడా. కణం చచ్చి పగిలితే గుట్టు బయటపడుతుంది గదా! అందువలన రోగి మంచం పట్టేవరకు అతని రక్తంలో ప్రతిరక్షకాలు తరచుగా కనబడవు. నీరు త్రాగబోతే గొంతు బిగుసుకొనే దశకు వచ్చిన తరువాత బ్రతికి బయటపడినవారు ప్రపంచంలో బహు కొద్దిమంది.

అయితే వైరస్ చేసే ఈ ఆలస్యమే మనకు చిక్కిన గడువు. 1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్, రెండు రోజుల క్రితం కాటుపడిన తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టర్‌కు టీకా ప్రారంభించాడు. బాలుడు బ్రతికాడు. బొడ్డుచుట్టూ పద్నాలుగు సూదులన్న భయం మన పెద్దవారిలో ఇంకా ఉన్నది. గొర్రె మెదడుతో చేసిన ఆ పాత టీకాను మన దేశంలో ఎన్నడో మానివేశారు. నేటి టీకాను భుజానికి నాలుగైదు విడతలుగా ఇస్తారు.

కాటుపడిన వెంటనే గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారమూ, సున్నమూ అద్దరాదు. టీకావలన ప్రతిరక్షకాలు పుట్టటానికి వారం పది రోజులు పడుతుంది. అందుచేత రక్తం చిందిన కాటుకు, ముందే సిద్ధంచేసి ఉంచిన ప్రతిరక్షకాలను వైద్యులు ఆ గాయంలోనే ఎక్కిస్తారు – వైరస్ ఇంకా నరంలోకి దూరకముందే.