విచారణకు ముందే శిక్షా?



అప్పో సప్పో చేసి ఈ కరువు సీమ నుంచి పిల్లల్ని హైదరాబాదు చదువులకు పంపుతున్నాం. అక్కడి సెంట్రల్ యూనివర్సిటీలో 2015లో విద్యార్థి సంఘాల తగాదా వచ్చింది. కొట్టారన్న ఆరోపణపై ఐదుగురు విద్యార్థులను సస్పెండు చేశారు; ఆపారు; మళ్లీ డిసెంబరులో హాస్టలు నుంచి వెళ్లగొట్టారు. మేం కొట్టలేదని వారు మొత్తుకున్నారు. 2016 జనవరి 17న వారిలో ఒకడైన రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. నాలుగు రోజులకు మిగతా నలుగురికీ శిక్ష ఎత్తేశారు. ఆ పని ముందే చేయకూడదా?

అమెరికాలోనూ ఈ తొందర ఉంది. 2006లో ఒక నల్లజాతి స్త్రీ ఫిర్యాదుపై డ్యూక్ యూనివర్సిటీ తెల్ల విద్యార్థులు ముగ్గురిపై కేసు పెట్టారు. మరుసటి ఏడు ఆ రాష్ట్ర అటార్నీ జనరలే వారు నిర్దోషులన్నారు. మనవాడికొక న్యాయం, పరాయివాడికొకటీ అంటే కుదరదండీ.

రేపు మన పిల్లల మీద నింద పడితే ఇంట్లో ముందే తిట్టకండి. ఆరోపణ కాగితం మీద ఇమ్మనండి, సాక్ష్యం చూపమనండి, జవాబుకు గడువు అడగండి.